రాత్రి డ్యూటీలో నాకు తోడున్న నవలలు

మాది పశ్చిమ గోదావరి. భీమవరం చుట్టుపక్కల ఒక 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో, అంటే 33 వేల వోల్టుల కరెంటుని 11 వేలకి దించి ఊళ్లకి పంపే చోట, షిఫ్ట్ ఆపరేటర్‌ని. ఏ దిక్కు చూసినా రొయ్యల చెరువులే. రాత్రి డ్యూటీ అంటే గంటకోసారి ప్యానెళ్ల దగ్గరికి వెళ్లి వోల్టేజీ ఎంతుందో, ఏ ఫీడర్ (ఇక్కడి నుంచి ఊళ్లకీ చెరువులకీ వెళ్లే లైను) ఎన్ని ఆంపియర్లు లాగుతోందో, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఎంత వేడెక్కిందో చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. లైన్‌మన్ లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాం పని చేసుకోవచ్చన్న అనుమతి, అడిగితే ఇవ్వాలి, పని అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఇవేవీ లేని వేళల్లో కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటాను. కళ్లు అక్షరాల మీద ఉన్నా చెవులు యార్డులోనే ఉంటాయి. ఇరవై ఆరేళ్లుగా వింటున్న ట్రాన్స్‌ఫార్మర్ హమ్మింగ్ అది. పిసరంత తేడా వచ్చినా వాక్యం మధ్యలోనే లేచి నిలబడతాను.

గత పన్నెండేళ్లలో ఇలా చదివినవాటిలో ఎక్కువ భాగం సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలే. వాటిలో ఓ ఆరు నవలలు నాకెలా అనిపించాయో ఇక్కడ చెబుతాను.

ఈ పిచ్చి చందమామతో పట్టుకుంది. మా మేనమామ నెలనెలా దాచి బైండు చేయించిన పాత చందమామలు వాళ్లింట్లో ట్రంకు పెట్టెలో ఉండేవి. తోకచుక్క, కంచుకోట, రాకాసి లోయ, పాతాళదుర్గం. చిత్రా గారి బొమ్మలు చూస్తూ అన్నం తినడం మర్చిపోయేవాణ్ణి. ఆ సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఒకసారి మామయ్యని అడిగాను, "మామయ్యా, రాత్రంతా కోటలో దివిటీలు వెలుగుతాయి కదా, నూనె ఎవరు పోస్తారు?" అని. ఆయన నవ్వలేదు. "మంచి ప్రశ్నరా, కథ రాసినాయన్ని అడగాలి" అన్నాడు. ఇప్పటికీ కొత్త లోకం గురించి ఏ నవల చదివినా నేను ముందు వెతుకుతున్నది ఆ నూనె పోసేవాణ్ణే. ఆ లోకంలో అందరూ నిద్రపోయాక ఎవరు మెలకువగా ఉంటారు? ఎవరి చేతి మీద అది నడుస్తోంది? రచయిత ఆ సంగతి ఆలోచించి ఉంటే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఆలోచించకపోతే మాత్రం ఎన్ని డ్రాగన్లు ఎగిరినా నా మనసు ఎగరదు.

ఇంగ్లీషులో నేను పూర్తిగా చదివిన మొదటి నవల ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968లో వచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని ఇంట్లో వదిలి వెళ్లింది. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం, ఆ తర్వాత ఐటీఐ. పుస్తకం సన్నగా ఉందని ధైర్యం చేశాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని రోజుకి మూడు పేజీల చొప్పున రెండు నెలలు పైగా పట్టింది. రెండోసారి వారంలో అయిపోయింది.

గాంట్ అనే కొండ దీవిలో ఒక కంచరి కొడుకు మేకలు కాసుకుంటుంటాడు. వాడికి మంత్రశక్తి ఉంది. ఊళ్లో అందరూ పిలిచే పేరు ఒకటి, అసలు పేరు గెడ్ అని ఇంకొకటి. అసలు పేరు తెలిసినవాడి చేతిలో మనిషి ప్రాణం ఉన్నట్టే కాబట్టి దాన్ని బాగా నమ్మినవాళ్లకి తప్ప చెప్పరు. ఇది చదివేటప్పుడు నాకు మా నాయనమ్మ కళ్లముందు కనిపించింది. ఆవిడ చచ్చేదాకా తాతయ్య పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు రాసుకోవడానికి వచ్చినాయన "ఇంటి యజమాని పేరు చెప్పండమ్మా" అంటే నన్ను ముందుకు తోసి "నువ్వు చెప్పరా" అంది. నాకప్పుడు ఆరేళ్లు. తాతయ్య పేరు గట్టిగా అరిచినట్టు చెప్పాను. నాయనమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. గెడ్ గర్వంతో చేసిన తప్పుకి ఒళ్లంతా గాయాలై, పరువు పోయి, ఎవరి మొహమూ చూడలేక ఉన్నప్పుడు వెచ్ అనే స్నేహితుడు వచ్చి తన అసలు పేరు అతనికి చెప్పేసి వెళ్తాడు. ధైర్యం మాటలేమీ చెప్పడు, పేరు మాత్రమే చెబుతాడు. నాయనమ్మ ఆ రోజు మొహం ఎందుకు కప్పుకుందో నాకు నలభై ఏళ్ల తర్వాత ఆ పేజీలో అర్థమైంది.

ఈ నవలలో నన్ను కట్టిపడేసింది సమతూకం సంగతి. రోక్ దీవిలోని మంత్రాల బడిలో పిల్లలకి నేర్పే అసలు పాఠం ఇదే. ఒక దీవిలో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు, అందుకని అవసరం లేకుండా మంత్రం వెయ్యకూడదు. గెడ్ మొదటి గురువు ఓగియాన్‌కి వానని పక్కకి తోలేసే శక్తి ఉంది. అయినా చెట్టుకింద తడుస్తూ పడుకుంటాడు. శిష్యుడికి చిరాకొస్తుంది, ఇంత శక్తి ఉండి ఎందుకని. నాకు రాలేదు, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఆ తూకం మీదే ఉంది. కరెంటు బియ్యంలా గోదాములో పోసి ఉంచే సరుకు కాదు. మా ఫీడర్ మీద ఒక చెరువులో ఏరేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) తిరగడం మొదలైతే అదే క్షణాన ఎక్కడో ఒక టర్బైన్ ఆ మేరకు ఎక్కువ కష్టపడాలి. లేదంటే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకి కరెంటు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్‌ని మిగతా దేశంతో కలిపాక ఆ టర్బైన్ మన సీలేరులోనే ఉండాలని కూడా లేదు. ఛత్తీస్‌గఢ్‌లో ఉండొచ్చు, గుజరాత్‌లో ఉండొచ్చు. ఇక్కడ స్విచ్ వేసినవాడికి అక్కడి బరువు తెలియదు. ఆ బరువు తెలిసిన రచయిత్రి ఈవిడ.

ఇంకో సంగతి. గెడ్ ఒంటి రంగు ఎర్ర గోధుమ, వెచ్ నల్లవాడు. ఆ వాక్యాల దాకా నా బుర్రలో తెల్లటి కుర్రాడే తిరుగుతున్నాడు. చాలా ఏళ్ల పాటు అట్ట మీద బొమ్మలు గీసినవాళ్లు కూడా గెడ్‌ని తెల్లగానే వేశారు, అది లె గ్విన్‌కి బాధ కలిగించింది. ఆ వాక్యం మళ్లీ చదివి, అప్పటిదాకా చదివిన పేజీలన్నీ మనసులో మళ్లీ గీసుకున్నాను. ఈసారి గెడ్‌కి మా చిన్న బావమరిది పోలిక వచ్చింది, అలాగే ఉండిపోయింది.

నాకు నచ్చనిది కూడా ఉంది. ఈ మొదటి పుస్తకంలో ఆడవాళ్లకి చోటు లేదు. ఆడవాళ్ల మంత్రమంటే చేతకానిదనే సామెత ఒకటి వాళ్ల ఊళ్లో ఉంది, దాన్ని ఎవరూ కాదనరు. మా అమ్మాయి ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేసిందట. లె గ్విన్ తర్వాత 1990లో 'తెహాను' రాసి అదే లోకాన్ని ఒక మామూలు ఇల్లాలి కళ్లతో చూపించింది. అమ్మాయికి ఆ రెండోది కొనిచ్చాను. చదివి, "నాన్నా, ఇప్పుడు మొదటిది పూర్తి చేస్తాను" అంది.

అదే రచయిత్రి 1969లో రాసిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'ని మే నెలలో చదివాను. కంట్రోల్ రూములో ఏసీ లేదు, ఫ్యాను గాలి కూడా వేడిగానే కొడుతుంది. కథ జరిగేది గెథెన్ అనే గడ్డకట్టిన గ్రహం మీద. ముందే చెబుతున్నా, మొదటి అరవై పేజీలు కష్టం. నోరు తిరగని పేర్లు, అర్థం కాని మర్యాదలు. రెండుసార్లు పక్కన పెట్టాను. మూడోసారి పట్టుకున్నాక వదల్లేదు.

జెన్లీ ఐ అనే దూత ఆ గ్రహానికి ఒంటరిగా వస్తాడు. చాలా లోకాలు కలిసి ఉన్న కూటమిలో మీరూ చేరండని అడగడం అతని పని. అక్కడి మనుషులు మగా కాదు, ఆడా కాదు. నెలలో కొద్ది రోజులు మాత్రం శరీరం అటో ఇటో మారుతుంది. ఈసారి తండ్రయినవాళ్లే ఇంకోసారి తల్లి కావచ్చు. రాజుగారు గర్భంతో ఉన్నారని మామూలు వార్తలా చెప్పే వాక్యం ఒకటి వస్తుంది. దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

తెలుగు చదువరిగా నాకు ఇక్కడ ఒక ఆలోచన వచ్చింది. ఇంగ్లీషులో ఆ మనుషులందరినీ పుస్తకమంతా 'హి' అనే రాసింది. దాంతో వాళ్లు మగవాళ్లలాగే కనబడతారు. ఈ విమర్శ వచ్చినప్పుడు లె గ్విన్ 1976లో ఒక వ్యాసం రాసి తనను సమర్థించుకుంది. 1987లో అదే వ్యాసాన్ని సవరించి, అలా రాయడం సరికాదేమోనని తనే ఒప్పుకుంది. తప్పు దిద్దుకున్న తీరుకి ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. అయితే ఇదే నవలని తెలుగులో రాస్తే? 'నేను వచ్చాను' అంటే మగో ఆడో తెలియదు. 'నువ్వు వచ్చావు' అన్నా తెలియదు. కాబట్టి జెన్లీకి స్నేహితుడయ్యే ఎస్ట్రావెన్ అనే గెథెన్ పాత్ర తన డైరీలో చెప్పుకునే అధ్యాయాలన్నీ మన భాషలో ఏ చిక్కూ లేకుండా వచ్చేస్తాయి. చిక్కంతా 'వచ్చాడు, వచ్చింది' దగ్గరే. 'రాజుగారు వచ్చారు' అంటే సరిపోతుంది, గౌరవం కూడా కుదురుతుంది. కానీ చివర్లో ఇద్దరు స్నేహితులు మంచు మీద ఒకే గుడారంలో పడుకున్నప్పుడు 'ఎస్ట్రావెన్ పొయ్యి వెలిగించారు' అంటే మధ్యలో ఎవరో పెద్దాయన కూర్చున్నట్టు ఉంటుంది. 'తను' వాడితే దగ్గరితనం వస్తుంది, క్రియ దగ్గర మళ్లీ ఇరుక్కుంటాం. నాలుగు నైట్ డ్యూటీలు దీని గురించే ఆలోచించాను. ఒక పేజీ తెలుగులో రాసి చూశాను కూడా, వాక్యాలన్నీ క్రియ లేకుండా 'పొయ్యి దగ్గర తను, గుడ్డ కింద నేను' అన్నట్టు. అలా కొంత కుదిరింది.

ఆ మంచు ప్రయాణమే పుస్తకానికి గుండెకాయ. స్లెడ్జి బండి లాక్కుంటూ ఇద్దరు మనుషులు దాదాపు ఎనభై రోజులు మంచు పీఠం మీద నడుస్తారు. తిండి తూకం వేసి తింటారు. పొయ్యి ఎంతసేపు వెలగాలి, గుడారంలో ఎంత వెచ్చదనం ఉండాలి, ఒకరికి చలైతే ఇంకొకరికి ఉక్క, దాని మీద చిన్న సర్దుబాటు. నేను వెతికే నూనె పోసేవాళ్లు ఇక్కడ ఇద్దరూ. ఒకచోట మబ్బు కమ్మి నీడలు మాయమవుతాయి. వెలుతురు ఉంది, కానీ నీడ లేదు. నీడ లేకపోతే ముందున్నది గుంటో గట్టో తెలియదు, అడుగు వెయ్యలేరు. నడవడానికి వెలుగెంత అవసరమో నీడా అంతే అవసరమని వాళ్లిద్దరికీ అప్పుడు అర్థమవుతుంది. సంక్రాంతి రోజుల్లో మా ఊళ్లో తెల్లవారుజామున పొగమంచు కమ్మితే టార్చి వేసినా యార్డులో ఇలాగే ఉంటుంది. వెలుగంతా తిరిగి మన మొహం మీదే పడుతుంది. ఐసోలేటర్ల (లైనుని విడదీసే పెద్ద స్విచ్చుల) వైపు నడవాలంటే టార్చి కిందికి దించి, కాలు ముందు చిన్న నీడ పడేలా పట్టుకోవాలి. ఆ కిటుకు నాకు మా సీనియర్ ఆపరేటర్ నేర్పారు. పుస్తకంలో ఆ అధ్యాయం చదివి బయటికొచ్చి ఊరికే టార్చి దించి పట్టుకుని నాలుగడుగులు నడిచాను.

ముగింపు చెప్పను. ఎస్ట్రావెన్ మనసులో జెన్లీ మాట మొదటిసారి వినిపించినప్పుడు అది ఎవరి గొంతులో వినిపిస్తుందో అదీ చెప్పను. ఆ పేజీ చదువుతుంటే కళ్లు మసకబారాయి. రాత్రి రెండింటి రీడింగ్ పది నిమిషాలు ఆలస్యంగా రాశాను. అలా జరగడం అదొక్కసారే.

'పిరనేసి' నాకు ఎంత దగ్గరిదో చెప్పడానికి మా ఆఫీసు బీరువా సంగతి చెప్పాలి. సుసానా క్లార్క్ 2020లో రాసిన ఈ నవలకి మరుసటి ఏడాది రచయిత్రుల నవలలకిచ్చే విమెన్స్ ప్రైజ్ వచ్చింది. అంతులేని గదులున్న ఒక మహా భవనం. గదుల నిండా పాలరాతి విగ్రహాలు. కింది అంతస్తులో సముద్రం, పై అంతస్తులో మేఘాలు. అందులో పిరనేసి అనే మనిషి ఉంటాడు. ఆటుపోట్లు ఏ గదిలోకి ఎప్పుడు వస్తాయో లెక్క కట్టి రాసుకుంటాడు. డైరీలకి అంకెలు వేసి, విషయసూచిక తయారుచేస్తాడు. ఏళ్లని అంకెలతో చెప్పడు, ఆల్బట్రాస్ పక్షి నైరుతి గదులకి వచ్చిన ఏడాది అంటాడు. అక్కడున్న పదమూడు అస్థిపంజరాలకి పేర్లు పెట్టి, తిండీ నీళ్లూ పూలూ తీసుకెళ్లి పలకరించి వస్తాడు. ఎవరూ చెప్పలేదు, జీతం లేదు. అది తన పని అనుకున్నాడు, చేస్తున్నాడు.

మా ఆఫీసులో తుప్పు పట్టిన బీరువా ఒకటి ఉంది. కొన్నేళ్ల కిందట అది ఖాళీ చేస్తుంటే 1996 నాటి లాగ్‌బుక్ దొరికింది. నేను ఉద్యోగంలో చేరక ముందుది. నవంబర్ 6 పేజీ తీశాను. కోనసీమని తుపాను తుడిచిపెట్టిన రాత్రి. సాయంత్రం దాకా మామూలు అంకెలు. తర్వాత గంట గంటకీ అదే దస్తూరీలో 'సప్లై లేదు', 'సప్లై లేదు', 'సప్లై లేదు', తెల్లారేదాకా. అంకె రాయడానికి ఏమీ లేదు, అయినా ఆయన గంటకోసారి లేచాడు. ఒక చోట ఇంకు చెదిరి ఉంది, నీళ్లు పడ్డాయేమో. ఆయనెవరో నాకు తెలియదు. పిరనేసి తన పాత డైరీలు తీసి, తన దస్తూరీలోనే ఉన్న, తనకి గుర్తులేని మాటలు చదువుకునే చోట నాకు ఆ పేజీ గుర్తొచ్చింది. ఇది చిన్న పుస్తకమే. మొదటి ముప్ఫై పేజీలు ఏమీ అర్థం కాకపోయినా ఓపిక పట్టండి. వెనక అట్ట మీది వివరం మాత్రం చదవొద్దు. భవనం బయటి పండితుల గొడవ వచ్చే భాగం నాకు కొంచెం తక్కువగా అనిపించింది. గదులు వదిలి బయటికి వెళ్లడం నాకే ఇష్టం లేకపోయింది కాబోలు.

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' గురించి పేరున్నంత గొప్పగా చెప్పలేను. 1965లో వచ్చింది. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కాపీలో సరిగ్గా ఒక ఫారం, పదహారు పేజీలు, ఎగిరిపోయింది. నకిలీ ప్రింటని అట్ట చూస్తేనే తెలిసింది. అమ్మినవాళ్లకి మూడుసార్లు రాసినా జవాబు రాలేదు. చౌకగా వస్తుందని అలా కొనకండి, మంచి కాపీకే డబ్బులు పెట్టండి. తర్వాత విజయవాడ పుస్తకాల పండగలో అసలుది కొని మళ్లీ మొదలుపెట్టాను. కథ జరిగేది నీళ్లు కరువైన ఎడారి గ్రహం మీద. నీళ్ల సంగతి రాసినంత మేరకు అద్భుతం. ఒంట్లో చెమటని కూడా వడగట్టి తిరిగి తాగించే బట్టలు, చనిపోయినవాడి ఒంట్లో నీళ్లు తెగకి చెందడం, ఎడారి నాయకుడు గౌరవంగా బల్ల మీద ఉమ్మడం. ఒంటి నీటిని ఖర్చుపెట్టడం కన్నా పెద్ద మర్యాద అక్కడ లేదు. గోదావరి కాలవ గట్టున పుట్టినవాణ్ణి, నాకు ఇది కథే. మా ఆవిడది కనిగిరి వైపు. ఉమ్మే సంగతి చెప్పగానే, "మా ఊళ్లో పెళ్లికొస్తే కాళ్లకి నీళ్లిచ్చేవాళ్లు కాదండీ, తాగడానికి మాత్రం ట్యాంకరు నీళ్లు ఇచ్చి దగ్గర నిలబడేవాళ్లు. అదే పెద్ద మర్యాద" అంది. నవల రెండో సగంలో మాత్రం నీళ్లు వెనక్కి పోయి జోస్యాలు, అవతార పురుషుడి గొడవ ముందుకొస్తాయి. అక్కడి నుంచి పేజీలు బలవంతంగా తిప్పాను.

లియు త్సిషిన్ 'త్రీ బాడీ ప్రాబ్లమ్'కీ నాకూ మనసు పూర్తిగా కలవలేదు. కెన్ లియు ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చింది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. చైనా సాంస్కృతిక విప్లవంలో ఒక అమ్మాయి తన తండ్రిని కళ్లముందే కొట్టి చంపుతుంటే చూసే మొదటి ఘట్టం ఒళ్లు జలదరింపజేస్తుంది. మూడు కోట్ల మంది సైనికులని నిలబెట్టి, నల్లజెండా తెల్లజెండా ఎత్తించి, మనుషులతోనే కంప్యూటర్ నడిపే ఘట్టం రిలే ప్యానెల్ ముందు కూర్చునేవాడికి పండగే. మా జూనియర్ లైన్‌మన్ కుర్రాడికి ఇద్దరు వాచ్‌మన్‌లని కూడా కలిపి, మూడు చేతిరుమాళ్లతో ఆ లెక్క చేసి చూపించాను, వెంటనే పట్టేసుకున్నాడు. అయితే ఆ మొదటి ఘట్టంలోని అమ్మాయి తప్ప మిగతా మనుషులు ఆలోచనలు మోసే కూలీల్లా వస్తారు, దించేసి వెళ్లిపోతారు. వాళ్ల ఇంట్లో ఏం వండుకుంటారో ఒక్కసారీ తెలియలేదు.

ఇక ఆండీ వియర్ 2021లో రాసిన 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'. సైన్స్ ఫిక్షన్ ఎప్పుడూ చదవని వాళ్లెవరైనా ఏది ఇవ్వమంటారని అడిగితే నేను దీన్నే చేతిలో పెడతాను. ఇంగ్లీషు తేలిక. సూర్యుడి వెలుగుని తినేస్తున్న సూక్ష్మజీవుల వల్ల భూమి గడ్డకట్టే ప్రమాదం. టావ్ సెటి అనే నక్షత్రానికి ఆ బెడద ఎందుకు లేదో కనుక్కోవడానికి పంపిన ఓడలో ఒక బడి సైన్స్ మాస్టారు ఒంటరిగా కళ్లు తెరుస్తాడు, తన పేరు కూడా గుర్తులేదు. అదే పని మీద ఇంకో నక్షత్రం నుంచి వచ్చిన రాకీ అక్కడ కలుస్తాడు. రాకీకి అయిదు కాళ్లు, కళ్లు లేవు, శబ్దంతోనే చూస్తాడు. మాట్లాడితే సంగీతం వినిపిస్తుంది. వాళ్ల గాలి అమ్మోనియా, మన గాలి కన్నా 29 రెట్లు ఒత్తిడి, 210 డిగ్రీల వేడి. ఒకరి గాలిలో ఇంకొకరు క్షణం బతకరు. మధ్యలో గోడ పెట్టుకునే స్నేహం చెయ్యాలి.

రాకీ వాళ్ల ఓడలో ఇంజనీరు, రిపేర్లు చేసేవాడు. సాటివాళ్లందరూ పోయాక ఏళ్ల తరబడి ఒక్కడే ఆ ఓడని బాగుచేసుకుంటూ ఉన్నాడు. నేను చిన్నప్పటి నుంచి వెతికిన మనిషి అయిదు కాళ్లతో దొరికాడు. మాస్టారు, రాకీ భాష నేర్చుకునే పేజీలు మళ్లీ మళ్లీ చదివాను. వాళ్లకి లెక్క ఆరుతో నడుస్తుంది, మనకి పదితో. గడియారాలు పక్కపక్కన పెట్టి ఒకరి సెకను ఇంకొకరి సెకనులో ఎంతో తేల్చుకుంటారు. కొత్త మీటరు పక్కన పాత మీటరు పెట్టి సరిచూసేటప్పుడు మేము చేసేదీ ఇదే. లోపాలూ ఉన్నాయి. ప్రతి చిక్కూ పది పేజీల్లో విడిపోతుంది, మాస్టారు మాటమాటకీ చమత్కరిస్తాడు, ప్రాణం పోయే చోట కూడా. అక్కడ ఆయన కాసేపు నోరు మూసుకుంటే బాగుండుననిపించింది.

అందులో ఒక సంగతి ఉంది. రాకీ జాతివాళ్లు నిద్రలో చెయ్యి కాలు కదపలేరు. అందుకని ఒకరు నిద్రపోతే ఇంకొకరు పక్కన కూర్చుని చూస్తుండాలి, అది వాళ్ల ఆచారం. మాస్టారికి అవసరం లేదన్నా రాకీ వినడు. నువ్వు పడుకో, నేను చూస్తుంటానంటాడు. మొదట మాస్టారికి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అది లేకపోతే నిద్ర పట్టదు.

పోయిన అక్టోబర్‌లో గాలివానకి మా చెరువుల ఫీడర్ రాత్రి ఒంటిగంటకి ట్రిప్ అయి ఆగిపోయింది. ఏరేటర్లు ఆగితే తెల్లారేలోగా నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలిపోతాయి, జనరేటర్ లేని రైతు ఏడాది కష్టం పోయినట్టే. ఫోన్ల మీద ఫోన్లు. "ఏవండీ, కరెంటు ఎప్పుడొస్తుందండీ?" అని అడిగే గొంతుల్లో టెన్షన్ నాకు తెలుసు. మా జూనియర్ లైన్‌మన్ వానలోనే గట్ల మీద మైలున్నర నడిచి, లైను మీద పడిన కొబ్బరిమట్ట తీసి, లైన్ క్లియర్ తిరిగిచ్చేసరికి మూడు దాటింది. బ్రేకర్ వేసి కరెంటు ఇచ్చాను. నిలబడింది. కుర్రాడు తడి బట్టలతోనే వచ్చి బల్ల మీద ఒరిగాడు. "బాబాయ్ గారూ, మళ్లీ పడితే లేపండి" అన్నాడు. నా తువ్వాలు కప్పాను. వాడు నిద్రలోకి జారుకున్నాక కుర్చీ వాడి వైపు తిప్పుకుని, టేబుల్ మీద బోర్లించిన ఈ పుస్తకం తీశాను. నాలుగింటికి లేచి చెరువుల ఫీడర్ మీద 96 ఆంపియర్లని లాగ్‌బుక్‌లో రాసి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.